చెట్టెక్కిన పులి పెంకుపురుగులు

తొలకరి తరువాత ఎండ కాసినప్పుడు, బాటమీద నడచేవాని ముందు ఒక సన్నని పెంకుపురుగు పరుగెత్తి, చటుక్కున ఎగిరి, కొంత దూరాన మళ్ళీ వాలుతుంది. చీమలను, ఈగలను తరిమి పట్టి తింటుంది కనుక అది పులి పెంకుపురుగు. దాని డింభకానిదీ పులి బ్రతుకే. నేలలో నిలువుగా బొరియ త్రవ్వుకొని, చదునైన తలను ద్వారానికి మూతవలె పెట్టి, వీపుమీది కొక్కేలతో గోడను పట్టుకొని పొంచి ఉంటుంది.

వీనిలో కొన్ని ఉష్ణదేశపు అడవులలో చెట్లమీద కాపురం పెట్టినవి. మెడవంటి భాగం పొడుగు, కండ్లు పెద్దవి. మరి నేల వదలిన ఈ పురుగుల పిల్లలకు బొరియ ఎక్కడిది? ఈ ప్రశ్నకు జవాబు దొరకడానికి చాలాకాలం పట్టినది.

18వ శతాబ్దిలో కోరమండల్ తీరపు కీటకాలను ఐరోపాకు పంపినవారిలో ముఖ్యుడు కోయినిగ్. లిన్నేయస్ శిష్యుడైన ఈ వైద్యుడు 1768లో తరంగంబాడికి వచ్చి, 1785లో కాకినాడ చెంత జగన్నాథపురంలో మరణించినాడు. అతడు పంపిన పురుగులలో అనేకానికి పేర్లు పెట్టినవాడు లిన్నేయస్ మరొక శిష్యుడు ఫాబ్రీసియస్. పొడుగు మెడ పులి పెంకుపురుగులకు 1801లో కొల్లైరిస్ అనే ప్రజాతిని ఏర్పరచినవాడూ ఆయనే. సూదికి గ్రుచ్చిన ఎండు పురుగును చూచి పేరు పెట్టవచ్చును. కాని అది ఎక్కడ గ్రుడ్డు పెట్టేదో ఎండు పురుగు చెప్పదు గదా!

పెట్టెలోని పురుగును నమ్మి పెద్దలు కూడ మోసపోయినారు. కొల్లైరిస్‌కు చుట్టమైన ట్రైకాండిలా ఎగురలేదు. మానులమీద చీమవలె పరుగెత్తుతుంది. దానిని అచ్చుగ్రుద్దినట్లు పోలిన ఇలకోడి ఒకటి ఉన్నది. వెస్ట్‌వుడ్ అంతటి కీటక శాస్త్రజ్ఞుడు తన సేకరణలో ఆ ఇలకోడిని పులి పెంకుపురుగుల వరుసలోనే చాలాకాలం ఉంచినాడని వాలేస్ వ్రాసినాడు.

డింభకం జాడ చివరకు జావా కాఫీ తోటలలో దొరికినది. 1907లో షెల్ఫర్డ్ దానిని వర్ణించినాడు. 1910లో డచ్చి శాస్త్రజ్ఞుడు డాక్టర్స్ వాన్ లీవెన్ దాని జీవిత విధానాన్ని వివరించినాడు. తల్లి సన్నని కొమ్మలో గ్రుడ్డు పెడుతుంది. డింభకం కొమ్మను తొలిచి సొరంగం చేసుకొని, ద్వారం వద్ద, నేలమీది దాయాదివలెనే, తలమూత వేసుకొని కాచుకొని ఉంటుంది. పక్కనుండి పోయే చీమ దానికి ఆహారం. అంటే చెట్టెక్కినా పాత వృత్తి మానలేదు. నేలకు బదులు కొమ్మ వచ్చినది, అంతే.

రంధ్రాన్ని చూచి, ఇదీ కాండం తొలుచు పురుగేనని రైతు అనుకోవడం సహజం. నిజానికి ఇది కొయ్యను తినదు, వేటాడుతుంది. అయినా తొలిచిన కొమ్మ బలం తగ్గడం అబద్ధం కాదు. కనుక మిత్రుడా, శత్రువా అంటే ఒక్కమాటలో చెప్పలేము.

మన విశాఖ మన్యంలోనూ కాఫీ తోటలు ఉన్నవి. అక్కడ కొమ్మలో రంధ్రం కనబడితే విద్యార్థి వెంటనే కొమ్మ విరువక, కాసేపు కదలకుండా నిలిచి చూడవచ్చు. ఆ ద్వారంలోకి చదునైన తల ఒకటి మెల్లగా పైకి రావచ్చునేమో!