కారులో శబ్ద నిరోధక పొరలు

వాహనం రేకుల కంపనాన్ని తగ్గించి లోపలి రొదను అణచడానికి తలుపులు, నేల, డిక్కీ, పైకప్పులకు లోపలివైపు అతికించే పొరలివి. డ్యాంపింగ్ షీట్లని వ్యవహారం. సాధారణంగా 2 మి.మీ. మందాన బ్యూటైల్ రబ్బరు, దానిపై పలుచని అల్యూమినియం పొర ఉంటాయి. రేకు అదిరినప్పుడు రబ్బరు ఆ శక్తిని స్వల్పమైన వేడిగా మార్చేస్తుంది.

చవకగా తారు షీట్లూ దొరుకుతాయి. నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలకు అవి తగవు. వేసవిలో ఒక్కోసారి 45 డిగ్రీలు దాటే ఇక్కడి ఎండలో నిలిపిన కారు పైకప్పు అంతకన్నా ఎంతో ఎక్కువ కాలుతుంది. తారు మెత్తబడి జారుతుంది, వాసన కొడుతుంది.

తలుపు లోపలి ప్యానెల్ విప్పి, దుమ్మూ జిడ్డూ ఆల్కహాల్‌తో తుడిచి, షీటు వెనుక కాగితం ఒలిచి అతికించాలి. పైనున్న గళ్ల అచ్చు చదునయ్యేదాకా చిన్న రోలరుతో అదిమితేనే పట్టు నిలుస్తుంది. రేకంతా కప్పనక్కర్లేదు, పావువంతు నుంచి సగం చాలు. తలుపు అడుగున నీరు పోయే రంధ్రాలు మూసేస్తే తుప్పు ఖాయం.

చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేటల మీదుగా సాగే 65వ నంబరు జాతీయ రహదారిపై వేగంగా వెళ్తే వినిపించే హోరులో టైర్లదీ గాలిదీ పెద్ద వాటా. దానికి ఈ షీట్లొక్కటే చాలవు; నేలపై ఫోమ్, బరువైన వినైల్ పొర కూడా కావాలి. తలుపుల రబ్బరు బీడింగ్ అరిగిపోయి ఉంటే ముందు దాన్ని మార్పించండి.