కణ శ్వాసక్రియ

ఆహార పదార్థాలలోని రసాయనిక శక్తిని జీవకణాలు దశలవారీగా వెలువరించి, అడినోసిన్ ట్రైఫాస్ఫేట్ (ఏటీపీ) అనే అణువులలో నిలిపి వినియోగించుకొనే ప్రక్రియను కణ శ్వాసక్రియ అంటారు. ఊపిరి పీల్చడం, విడవడం దీనికి తోడ్పడే చర్యలు మాత్రమే. శక్తి విడుదల కణం లోపలనే జరుగుతుంది. ఆక్సిజన్ వినియోగాన్ని బట్టి ఇది వాయుసహిత శ్వాసక్రియ, అవాయు శ్వాసక్రియ అని రెండు విధాలు.

గ్లైకాలసిస్

గ్లూకోజు విషయంలో రెండు విధానాలకూ సాధారణంగా తొలి దశ ఇదే. కణద్రవ్యంలో ఒక గ్లూకోజు అణువు పది చర్యల ద్వారా రెండు పైరూవిక్ ఆమ్ల అణువులుగా విడిపోతుంది. దీనికి ఆక్సిజన్ అక్కరలేదు. నికరంగా లభించేది 2 ఏటీపీ అణువులు. ఈ దశలో గ్లూకోజు నుండి వెలువడిన హైడ్రోజన్‌ను ఎన్ఏడీ అనే సహ ఎంజైము గ్రహిస్తుంది. కణంలో ఎన్ఏడీ స్వల్పంగానే ఉంటుంది. కనుక అది ఆ హైడ్రోజన్‌ను వేరొక పదార్థానికి అప్పగించకపోతే గ్లైకాలసిస్ ఆగిపోతుంది. ఆ హైడ్రోజన్ చివరకు ఎక్కడికి చేరుతుందన్న దానిలోనే రెండు విధానాల భేదమంతా ఉన్నది.

వాయుసహిత శ్వాసక్రియ

మొక్కలు, జంతువుల కణాలలో పైరూవిక్ ఆమ్లం మైటోకాండ్రియాలోకి ప్రవేశించి, క్రెబ్స్ వలయం ద్వారా పూర్తిగా ఆక్సీకరణం చెంది కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది. హైడ్రోజన్‌లోని ఎలక్ట్రాన్లు మైటోకాండ్రియా లోపలి పొరలోని వాహకాల మీదుగా ఆక్సిజన్‌ను చేరగా నీరు ఏర్పడుతుంది. ఈ ప్రయాణంలో వెలువడే శక్తితోనే అధిక భాగం ఏటీపీ తయారవుతుంది. ఒక గ్లూకోజు అణువుకు మొత్తం 36 లేదా 38 ఏటీపీ అని పాత పాఠ్యపుస్తకాలు పేర్కొన్నాయి. ప్రస్తుత అంచనా సుమారు 30 నుండి 32.

అవాయు శ్వాసక్రియ

ఆక్సిజన్ లేనప్పుడు ఈస్టు కణాలు పైరూవిక్ ఆమ్లాన్ని ఇథైల్ ఆల్కహాలుగా, కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తాయి. పాలను పెరుగుగా మార్చే బాక్టీరియాలు, తీవ్రంగా శ్రమించే కండరాలు దానిని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. దీనినే కిణ్వనం అంటారు. ఇందులో అదనంగా ఏటీపీ ఏర్పడదు. ఎన్ఏడీ విముక్తమై గ్లైకాలసిస్ కొనసాగడమే దీని ప్రయోజనం. గ్లూకోజులోని శక్తిలో అధిక భాగం ఆల్కహాలులోనో, లాక్టిక్ ఆమ్లంలోనో మిగిలిపోతుంది. ఆల్కహాలు ఇంధనంగా మండగలగడానికి కారణమిదే.

మానవుని ఎర్రరక్తకణాలలో మైటోకాండ్రియా ఉండవు కనుక అవి గ్లైకాలసిస్ పైననే ఆధారపడతాయి. మెదడు కణాలకు మాత్రం ఆ 2 ఏటీపీ చాలవు. ఆక్సిజన్ సరఫరా ఆగిన కొద్ది నిమిషాలలోనే అవి దెబ్బతింటాయి. వ్యాయామం చేసిన మరునాటి కండరాల నొప్పికి లాక్టిక్ ఆమ్లమే కారణమన్న నమ్మకం సరికాదు; అది ఒకటి రెండు గంటలలోనే కండరాల నుండి తొలగిపోతుంది. దానిలో కొంత కాలేయంలో తిరిగి గ్లూకోజుగా మారుతుంది.

చరిత్ర

ఆక్సిజన్ లభించినప్పుడు ఈస్టులో కిణ్వనం తగ్గుతుందని లూయీ పాశ్చర్ గుర్తించాడు. జీవకణాలు లేని ఈస్టు రసం కూడా చక్కెరను పులియబెట్టగలదని 1897లో ఎడ్వర్డ్ బుక్నర్ నిరూపించాడు. 1929లో ఏటీపీని జర్మనీలో కార్ల్ లోమన్, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే, భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు విడివిడిగా కనుగొన్నారు. హాన్స్ క్రెబ్స్ 1937లో తన పేరిట ప్రసిద్ధమైన వలయాన్ని వివరించి, 1953లో నోబెల్ బహుమతిని ఫ్రిట్జ్ లిప్‌మన్‌తో కలిసి పొందాడు.