జైనూర్ పెండ్లిండ్లు: పటేల్ బాధ్యత నుంచి టెంట్‌హౌస్ బయానా దాకా

జైనూర్ ప్రాంతంలో పెండ్లి జరిపించడం చాలాకాలం ఎవరికీ వ్యాపారం కాదు. అది గూడెం పెద్దల బాధ్యత, ఇంటి పేరు ఒకటైన అన్నదమ్ముల శ్రమ, తరతరాలుగా వాయిద్యం వాయించే కుటుంబాల హక్కు. ఈ మూడింటిలో ఒక్కొక్క పనీ విడివడి సంతకు చేరింది, అక్కడి నుంచి అద్దె దుకాణానికి, ఆ తర్వాత పెండ్లిని మొత్తంగా గుత్తకు పట్టే నిర్వాహకుడికి చేరింది. ఇదంతా సుమారు ఎనభై ఏండ్లలో జరిగిన మార్పు.

ఉట్నూరు నుంచి ఆసిఫాబాద్ వైపు వెళ్లే గుట్టల దారిలో ఉన్న జైనూర్, 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు ఏర్పడే దాకా ఆదిలాబాద్ జిల్లాలోని మండలం. ఇప్పుడు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉంది. గూడేల్లో రాజ్‌గోండులు, కోలాములు, పర్ధానులు, తోటీలు, తండాల్లో లంబాడాలు, మండల కేంద్రంలో మరాఠీ, ఉర్దూ, తెలుగు మాట్లాడే కుటుంబాలు ఉంటాయి. ఇక్కడి పాత పెండ్లిండ్ల గురించి లోతుగా రాసినవాడు క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. వియన్నాలో పుట్టిన ఈ మానవశాస్త్రవేత్త 1940ల్లో భార్య బెట్టీతో కలిసి ఇదే మండలంలోని మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు. ఆయన గ్రంథం 1948లో వెలువడింది. అందులోని గోండు సమాజంలో పెండ్లి రెండు కుటుంబాల వ్యవహారంగా కాక రెండు సగాల, అంటే వంశ సమూహాల, వ్యవహారంగా కనిపిస్తుంది.

రాజ్‌గోండులలో నలుగురు, ఐదుగురు, ఆరుగురు, ఏడుగురు అన్నదమ్ముల సంతతిగా చెప్పుకునే నాలుగు సగాలున్నాయి. ఒకే సగాలో పిల్లనివ్వరు, తెచ్చుకోరు. మేనరికం మాత్రం ఇష్టమైన సంబంధం. అందుకని సంబంధం వెదకడంలో మొదటి పని ఇంటి పేరు ఏ సగాలోకి వస్తుందో చూడడం. ఆ లెక్క పెద్దలకు కంఠతా వచ్చు, వారికన్నా గట్టిగా పర్ధానులకు వచ్చు. దీపావళి రోజుల్లో సాగే దండారి కూడా ఇందుకు పనికొచ్చేది. నెమలి ఈకల టోపీల గుస్సాడీలతో, డోళ్లతో ఒక గూడెం దండు ఇంకో గూడేనికి అతిథిగా వెళ్లేది. ఆ రాకపోకల్లో వియ్యమందగల కుటుంబాలు ఒకరినొకరు చూసుకునేవి, మాట కలిపేవి. గుస్సాడీ నాట్యానికి 2021లో పద్మశ్రీ అందుకున్న కనకరాజుది మార్లవాయే. ఆ నాట్యాన్ని వేదిక మీద చూసేవారికి అది కళారూపం. పాత రోజుల్లో అదే పండుగ సంబంధాలు కలిపే వేళ కూడా అని గుర్తుంచుకుంటేనే దాని పూర్తి విలువ తెలుస్తుంది.

గోండు పెండ్లి వరుడి ఊళ్లో జరిగేది. పిల్ల తరఫువారు చుట్టాలతో తరలివచ్చేవారు. కాబట్టి వచ్చినవారికి బస, నీళ్లు, కట్టెలు, తిండి చూసుకునే భారమంతా వరుడి గూడెం మీదే పడేది. ఈ ఏర్పాట్లకు పటేల్ పెద్ద. కబురు మోయడం, మనుషుల్ని పిలవడం హవల్దార్ పని. ఊరి దేవతలకు మొక్కు చెల్లించేది దేవారి. అడవి నుంచి గుంజలు, పచ్చి కొమ్మలు తెచ్చి పందిరి వేసేది వరుడి అన్నదమ్ములు. పసుపు దంచడం, నూనె రాయడం, రెండు పక్షాలూ ఎదురెదురుగా పాటలు పాడుకోవడం ఆడవారి పని. ఎవరి ఇంట పెండ్లైనా ఊరంతా జొన్నలో, పప్పో తలా ఇంత పట్టుకొచ్చేవారు. రేపు తమ ఇంట పెండ్లైతే అదే తిరిగి వస్తుంది. డబ్బు చేతులు మారకుండా వందల మందికి అన్నం పెట్టగలిగిన ఏర్పాటు ఇది. నేటి నిర్వాహకుడు కాగితం మీద రాసుకునే జాబితాలోని అంశాలన్నీ ఇందులో ఉన్నాయి. ధర మాత్రం లేదు.

ఈ ఏర్పాటులో వృత్తి అనదగినది ఒక్కటే, పర్ధానులది. వారి ఇంటి భాష మరాఠీ. గోండుల వంశగాథలు మాత్రం గోండిలోనే పాడతారు. మూడు తీగల కిక్రి, సన్నాయిని పోలిన పెప్రె, డోలు వారి వాయిద్యాలు. ఒక్కో పర్ధాన్ కుటుంబానికి ఫలానా గోండు ఇండ్లని కట్టుబాటు ఉండేది. ఆ ఇండ్లలో పెండ్లైనా, చావైనా, కులదైవం పెర్సాపేన్ పూజైనా వాయించే హక్కు వారిదే, వాయించవలసిన విధీ వారిదే. ప్రతిఫలంగా ధాన్యం, బట్ట, పశువు, కొంత రొక్కం దక్కేవి. తోటీలు సంఖ్యలో బాగా తక్కువైనా ఇదే వృత్తిలో ఉండేవారు. పర్ధాన్‌ను వాయిద్యగాడిగా మాత్రమే చూడడం పొరపాటు. గోండుల ఆది పురుషుడు పహండి కుపార్ లింగాల్ కథ దగ్గర నుంచి ఆ ఇంటి దేవుడు ఎక్కడ వెలిసిందీ, ఆ ఇంటి పేరు ఏ సగాకు చెందిందీ దాకా ఆయన నోట ఉండేది. కాగితం లేని సమాజానికి ఆ నోరే దస్తావేజు. పెండ్లి పనులన్నీ తర్వాత ఏదో ఒక రూపంలో అద్దెకు దొరికాయి, ఈ ఒక్కటి దొరకలేదు.

తండాల్లోనూ దీనికి పోలిక ఉంది. నాయక్, కార్‌భారీ పెద్దరికంలో రోజుల తరబడి సాగే లంబాడా పెండ్లిలో పిల్ల అత్తవారింటికి కదిలేటప్పుడు పాడే ఢావ్‌లో గుండెను పిండే పాట. దాన్ని పెండ్లికూతురే పాడాలి, ఆమె బదులు ఇంకొకరు పాడేది కాదు. దక్షిణాన కరీంనగర్ పల్లెల్లో ఇదే పని కులవృత్తుల మధ్య పంచుకుని ఉండేది. కుమ్మరి ఐరేని కుండలు తెచ్చేవాడు, మంగలి సన్నాయీ డోలూ వాయించేవాడు, చాకలి పందిరి కింద బట్ట కట్టేవాడు, దివిటీ పట్టేవాడు, వడ్ల వారు పీటలు చేసేవారు. అక్కడ ఆ సేవల్లో వెట్టి కూడా కలిసి ఉండేదన్నది మరచిపోకూడదు. గోండు గూడెంలో పని చేసేవారు ఎక్కువగా బంధువులు. కరీంనగర్ పల్లెలో పని చేసేవారు దొర ముందు చేతులు కట్టుకున్నవారు. అందుకే పెండ్లి పని డబ్బుకు మారినప్పుడు దక్షిణాన కొందరికి అది విడుదల, ఉత్తరాన చాలామందికి అప్పు.

అప్పు కథ మాత్రం పాతదే. గోండు పెండ్లిలో వరుడి తరఫువారు పిల్ల తండ్రికి ఓలి ఇచ్చేవారు. అయినా అసలు బరువు విందుది. ఆ ఏడు పంట పోతే గింజలకో, మేకలకో షావుకారు దగ్గరికి పోక తప్పేది కాదు. నిజాం కాలంలో ఇట్లా తెచ్చిన సొమ్ముకు మనిషే తాకట్టు. అప్పు తీరే దాకా ఆసామి ఇంట కట్టుబడి పనిచేసే ఈ పద్ధతిని భగేలా అనేవారు. పెండ్లి కోసం తెచ్చిన చిన్న మొత్తం యువకుడి ఏండ్లకేండ్లు మింగేసేది. హైదరాబాద్ ప్రభుత్వం 1936లో భగేలా ఒప్పందాలపై చట్టం చేసింది, 1943లో దాన్ని గట్టిపరచింది. ఓలి ఇచ్చుకోలేని యువకుడికి సమాజంలోనే వేరే దారులూ ఉండేవి. కొన్నేండ్లు మామ ఇంట పనిచేసి పిల్లను పొందడం ఒకటి. పెద్దల సమక్షంలో క్లుప్తంగా ముగించుకునే పెండ్లి ఇంకొకటి. వితంతువులు మారు మనువాడడం, పొసగని దంపతులు విడిపోవడం పంచాయితీకి తప్పు కాదు. ఈ వెసులుబాటు పేదల మీద భారాన్ని ఎంతో కొంత తగ్గించింది.

1940లో జోడేఘాట్‌లో గోండు నాయకుడు కుమురం భీం మరణం తర్వాత నిజాం ప్రభుత్వం కదిలింది. హైమన్‌డార్ఫ్‌ను ఆదిలాబాద్ గుట్టలకు పంపింది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది, ఆ దశాబ్దంలోనే వేల కుటుంబాలకు భూమి పట్టాలు వచ్చాయి. పట్టా ఉన్న రైతు పెండ్లి అప్పుకు తన ఒంటినే కుదువ పెట్టవలసిన అవసరం తగ్గింది. తర్వాత షెడ్యూల్డ్ ప్రాంతాల్లో వడ్డీ వ్యాపారాన్ని అదుపు చేస్తూ 1960లో ఒక రెగ్యులేషన్ వచ్చింది. గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకుండా చేసిన 1959 నాటి భూబదలాయింపు నిబంధన 1963లో తెలంగాణకు విస్తరించి, 1970లో మరింత కఠినమైంది. భూమిని తాకట్టు పెట్టే దారి మూసుకుపోవడంతో అప్పు పంట మీదికి, ముఖ్యంగా పత్తి మీదికి మళ్లింది. పత్తి ఏరి అమ్మిన తర్వాత పెండ్లి, పత్తి అమ్మగా తీర్చే మాట మీద పెండ్లి సరుకులు. ఈ వరుస ఇప్పటికీ ఉంది.

పెండ్లి సరుకు మొదట ఇల్లు దాటింది సంతలోనే. చీరలు, ధోవతులు, గాజులు, వెండి కడియాలు, బెల్లం, ఉప్పు వంటివి ఎప్పుడూ బయటి నుంచే వచ్చేవి. కొంత సామాను మాత్రం స్థానికం. జైనూర్ మండలంలోనే ఉన్న ఉషేగాం ఓజాలు మైనం అచ్చుతో ఇత్తడి పోత పోసి గంటలు, గజ్జెలు, దేవతా రూపాలు చేసేవారు. ఆదిలాబాద్ డోక్రాగా ఈ పనికి 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ గుర్తింపు వచ్చే నాటికి గూడెంలో ఇత్తడి స్థానంలో స్టీలు సామాను వచ్చేసింది. డోక్రా కొనేవారు నగరవాసులయ్యారు. పెండ్లింట స్టీలు బిందెలు, మంచం, బీరువా వరుసగా కనబడడం మొదలయ్యాక ఓలి తగ్గి కట్నం తలెత్తింది. పిల్ల తండ్రికి ఇచ్చే సమాజం, పిల్ల తండ్రి దగ్గర తీసుకునే సమాజంగా మారడం ఈ చరిత్రలో అన్నిటికన్నా విచారకరమైన మలుపు.

టెంట్‌హౌస్ ఈ దశలో వచ్చింది. రోడ్లు పడి, ట్రాక్టర్లు గూడెం దాకా పోగలిగాక షామియానా, ఇనుప కుర్చీలు, పెద్ద వంట గిన్నెలు, జనరేటర్, మైకు అద్దెకు తేవడం వీలైంది. అడవి నుంచి గుంజలు కొట్టి తేవడానికి అటవీ శాఖ ఆంక్షలు అడ్డుపడడం కూడా అద్దె పందిరికి కలిసివచ్చింది. మొదట సామాను మాత్రమే ఇచ్చిన దుకాణం క్రమంగా వంటమనిషిని, వడ్డించేవారిని, లైటింగ్‌ను, బ్యాండ్‌మేళాన్ని, ఫొటోగ్రాఫర్‌ను కూడా కుదిర్చిపెట్టసాగింది. హైదరాబాద్, కరీంనగర్ నగరాల్లో ఈవెంట్ సంస్థలు చేసే పని మూలంలో ఇదే. అక్కడ ఫంక్షన్ హాల్ తేదీ దొరకడంతో పెండ్లి మొదలవుతుంది. ఇక్కడ ఇంటి ముందు ఖాళీ జాగాలోనే ఇంకా పందిరి వేస్తారు.

ఈ వ్యాపారం నడిచే తీరుకు కొన్ని కట్టుబాట్లున్నాయి. బయానా పుచ్చుకుంటేనే తేదీ ఖాయం. భోజనాల లెక్క ప్లేటు చొప్పున, టెంటు లెక్క రోజు చొప్పున, విరిగిన కుర్చీకి, పోయిన గిన్నెకు లెక్క వేరుగా ఉంటుంది. మిగతా సొమ్ము పెండ్లి మర్నాడు సామాను ఎత్తేటప్పుడు రావాలి. పత్తి ధర పడిపోయిన ఏడు అది నెలలు జారుతుంది. తెలుగు ఇండ్ల ముహూర్తాలు మాఘ, ఫాల్గుణ, వైశాఖాల్లో కుప్పపడతాయి. మూఢం వస్తే ఖాళీ. గోండుల పెండ్లిండ్లు పంట ఇంటికి చేరాక మొదలై, మళ్లీ సాగు పనులు మొదలయ్యే లోపు ముగుస్తాయి. రెండు లెక్కలూ కలిపినా ఏడాదిలో నాలుగైదు నెలల పనే. కాబట్టి దుకాణదారు మిగతా రోజుల్లో జాతరలకు, వినాయక మండపాలకు, సభలకు సామాను పంపుతాడు. అది లేనివాడు ఈ వృత్తిలో నిలవలేడు.

వాయిద్యం విషయంలో మార్పు గట్టిగా తగిలింది. బ్యాండ్‌మేళం వచ్చినప్పుడు పర్ధాన్ డోలు పక్కకు జరిగింది, డీజే వచ్చాక చాలా ఇండ్లలో అది శకునానికి వాయించే వాయిద్యమైంది. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్ మోగరాదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెప్తున్నా, దండారి పాదాలు నేర్చుకోని పిల్లలకు రాత్రి ఆటంటే డీజేయే. పర్ధాన్ల కొత్త తరం చదువుల వైపు, ఉద్యోగాల వైపు వెళ్లింది. అది వారి న్యాయమైన హక్కు. కిక్రి వాయించే చేతులను నిలబెట్టవలసిన బాధ్యత మిగతా సమాజానిది.

గుత్తకు ఇవ్వని భాగం ఇంకా ఒకటుంది. పెండ్లితో పిల్ల భర్త ఇంటికి వస్తుంది. భర్త కులదైవం ముందు ఆమెను పరిచయం చేశాకే ఆ వంశంలో పూర్తిగా కలిసినట్టు. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్య రాత్రి కులదైవం నాగోబాకు మహాపూజ చేసే మెస్రం వంశస్థులు కొత్త కోడళ్లకు జరిపే భేటింగ్ ఇదే. తెల్లచీరలు కట్టి, ముసుగు వేసుకున్న కోడళ్లను వంశం పెద్దలు నాగోబా సన్నిధికి తీసుకువెళతారు. అంతదాకా పెండ్లై వచ్చిన కోడలికి ఆ దేవుని పూజలో పాలు లేదు. పెండ్లి విందు ఎంత వైభవంగా జరిగినా భేటింగ్ లేకపోతే మెస్రం ఇంట అది అసంపూర్ణమే. దీనికి టెంటు అక్కరలేదు, లైటింగ్ అక్కరలేదు, వంశం పెద్దలు ఉండాలి.

ఇటీవల పెండ్లిలో ప్రభుత్వం కూడా ఒక పక్షమైంది. 2014 అక్టోబర్ 2న తెలంగాణ ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ ఆడపిల్లల పెండ్లికి 51,000 రూపాయలిచ్చే కల్యాణలక్ష్మిని మొదలుపెట్టింది. 2017లో ఆ మొత్తం 75,116కి, 2018లో 1,00,116కి పెరిగింది. పెండ్లినాటికి పిల్లకు 18 ఏండ్లు నిండి ఉండాలన్నది ప్రధాన షరతు. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం చెప్పినా చెవికెక్కని మాట, సాయం డబ్బుతో ముడిపడ్డాక గూడేల్లోనూ లెక్కలోకి వచ్చింది. దరఖాస్తుకు వయసు, కులం, ఆదాయ ధ్రువపత్రాలతోపాటు పెండ్లి ఫొటో జతచేయాలి. దాంతో ఎంత పేద పెండ్లికైనా ఫొటోగ్రాఫర్ తప్పనిసరి అయ్యాడు. ధ్రువపత్రాలు సేకరించి మీసేవలో దరఖాస్తు పెట్టించడం పెండ్లి పనుల్లో కొత్తగా చేరింది. అయితే చెక్కు పెండ్లి అయ్యాక, తహసీల్దార్ విచారణ ముగిశాక వస్తుంది. టెంటువాడికి, వంటవాడికి సొమ్ము పెండ్లి మర్నాడే కట్టాలి. ఈ నడిమి నెలలకు ఇప్పటికీ అప్పే ఆధారం. చెక్కు చేతికి వచ్చేసరికి అందులో కొంత వడ్డీకి పోతుంది.