బృంద వైద్యంతో కుటుంబ వైద్యుని వద్దకు రాకపోకలు తగ్గితే మేలేనా?

అధిక రక్తపోటు, మధుమేహం వంటి దీర్ఘకాలిక వ్యాధులున్నవారు ఏడాదిలో పలుమార్లు వైద్యుని వద్దకు వెళ్లవలసి వస్తుంది. అయితే వెళ్లిన ప్రతిసారీ వైద్యుని అవసరమే పడదు. బీపీ చూడటం, రక్తంలో చక్కెర పరీక్షించడం, పాదాలపై పుండ్లున్నాయేమో పరిశీలించడం, ఆహార నియమాలు చెప్పడం, మందులు క్రమం తప్పకుండా వాడుతున్నారో లేదో తెలుసుకోవడం వంటి పనులను శిక్షణ పొందిన నర్సు చేయగలరు. మోతాదు మార్చాలా వద్దా, కొత్తగా కనిపించిన లక్షణం దేనికి సంకేతం అన్నవి తేల్చడానికి వైద్యుడు కావాలి. ఈ పని విభజనే బృంద ప్రాథమిక వైద్యానికి పునాది.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1978 సెప్టెంబరులో నాటి సోవియట్ కజకిస్థాన్‌లోని ఆల్మా ఆటాలో జరిగిన అంతర్జాతీయ సదస్సు ప్రాథమిక వైద్యంపై చేసిన ప్రకటనలోనే వైద్యులు, నర్సులు, మంత్రసానులు, గ్రామ స్థాయి ఆరోగ్య కార్యకర్తలు ఒక బృందంగా పనిచేయాలన్న మాట ఉంది. దాన్ని అమలు చేసినప్పుడు రోగుల రాకపోకల్లో వచ్చే మార్పును లెక్కించి చూసిన ప్రాంతాల్లో కెనడాలోని క్యూబెక్ ఒకటి.

క్యూబెక్ అనుభవం

క్యూబెక్‌లో 2002 నుంచి కుటుంబ వైద్య బృందాలు ఏర్పడ్డాయి. కొందరు కుటుంబ వైద్యులు, నర్సులు కలిసి ఒక బృందంగా పనిచేస్తారు. రోగులు తమ పేరును ఒక వైద్యుని వద్ద నమోదు చేసుకుంటారు. సాధారణ పనివేళల తర్వాత కూడా సేవలు అందుతాయి. బృందంలో చేరడం వైద్యుల ఇష్టానికే వదిలిపెట్టారు. వారికి చెల్లించే విధానం మాత్రం మారలేదు. రోగిని చూసిన ప్రతిసారీ రుసుము అందే పాత పద్ధతే కొనసాగింది.

ఈ బృందాల ప్రభావంపై ఒక అధ్యయనం 2017లో ఆరోగ్య ఆర్థిక శాస్త్ర పత్రికలో వెలువడింది. వృద్ధులు, దీర్ఘకాలిక రోగుల వివరాలను పరిశోధకులు పరిశీలించారు. బృందాల్లో నమోదైనవారిని, వారితో పోల్చదగిన ఇతర రోగులను ఎంచుకుని, కాలక్రమంలో ఇరువర్గాల్లో వచ్చిన మార్పును సరిపోల్చారు. బృందాల్లో ఉన్నవారిలో ప్రాథమిక వైద్యుని వద్దకు వెళ్లడం ఒక్కొక్కరికి ఏడాదికి 11 శాతం, స్పెషలిస్టుల వద్దకు వెళ్లడం 6 శాతం తగ్గింది. ఈ సేవలపై వ్యయం కూడా దాదాపు అదే మేరకు తగ్గింది. ఆసుపత్రిలో చేరికలపై ప్రభావం ఉన్నట్లు ఆధారం లభించలేదు.

తగ్గుదలను ఎలా అర్థం చేసుకోవాలి?

ఈ తగ్గుదలకు మూడు కారణాలు ఉండవచ్చు. వైద్యుడు చేసే పనిలో కొంత నర్సు చేపట్టి ఉండవచ్చు. సమన్వయం మెరుగుపడి, మూడుసార్లు వెళ్లవలసిన పని రెండుసార్లలో ముగిసి ఉండవచ్చు. లేదా వైద్యుని అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టమై ఉండవచ్చు. మొదటి రెండూ రోగికి మేలు చేసేవే. మూడోది నష్టం. పైకి మాత్రం మూడింటిలోనూ కనిపించేది ఒకే అంకె.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. అధ్యయనానికి ఆధారమైనవి ప్రభుత్వ పరిపాలనా రికార్డులు. వైద్యుడు రోగిని చూస్తే బిల్లు రూపంలో నమోదవుతుంది. నర్సు చూస్తే అలాంటి బిల్లు ఉండదు. అందువల్ల తగ్గిన సందర్శనల్లో ఎన్ని నర్సు వద్దకు మళ్లాయో తేల్చడానికి మరింత పరిశోధన అవసరమని అధ్యయన కర్తలే పేర్కొన్నారు. ఆసుపత్రి చేరికలు పెరిగిన దాఖలా లేకపోవడం కొంత ఊరట. అయితే రోగికి సంతృప్తి కలిగిందా, జబ్బు అదుపులో ఉందా అన్నవి ఆ లెక్కతో తెలిసేవి కావు.

భారతదేశంలో భిన్నమైన ఆరంభం

క్యూబెక్‌లో ప్రశ్న వైద్యుని వద్దకు ఎన్నిసార్లు వెళ్తున్నారన్నది. భారత గ్రామాల్లో చాలాచోట్ల అసలు వైద్యుడు అందుబాటులో ఉన్నారా అన్నదే మొదటి ప్రశ్న. 2018లో ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య కేంద్రాల పథకం, ఉపకేంద్రాల స్థాయిలో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్‌ను నియమించి, ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్తలతో కూడిన బృందాన్ని ప్రజలకు చేరువ చేయాలని సంకల్పించింది. ఆ కేంద్రాలను ఇప్పుడు ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలుగా పిలుస్తున్నారు.

ఆంధ్రప్రదేశ్‌లో ఫ్యామిలీ డాక్టర్ విధానాన్ని 2022 అక్టోబరులో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, 2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లా లింగంగుంట్లలో లాంఛనంగా ప్రారంభించారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని ఇద్దరు వైద్యుల్లో ఒకరు అక్కడే ఓపీ చూస్తుండగా, మరొకరు 104 సంచార వాహనంతో గ్రామ క్లినిక్‌లకు నెలకు రెండుసార్లు వెళ్లేలా దాన్ని రూపొందించారు. మిగిలిన రోజుల్లో గ్రామంలోని మధ్యస్థాయి ఆరోగ్య సేవకులు, ఏఎన్‌ఎం, ఆశాలే రోగికి దిక్కు. క్యూబెక్‌లో బృందంతో వైద్యుని సందర్శన తగ్గితే, ఇక్కడ బృందంతోపాటు వైద్యుడే ఊరికి రావాలన్నది ఉద్దేశం. సూత్రం మాత్రం ఒకటే. వైద్యుని సమయాన్ని వైద్యుడే చేయవలసిన పనికి మిగల్చడం.

రోగి తెలుసుకోవలసినవి

బృంద వైద్యం నమ్మకం మీద నిలబడుతుంది. డాక్టరు చూడకుండానే పంపించారన్న భావన రోగిలో మిగిలితే, ఆ రోగి మరో ఆసుపత్రికి వెళ్తారు. అప్పుడు తగ్గిందనుకున్న సందర్శన వేరే చోట, వేరే ఖర్చుతో తేలుతుంది. అందుకే మూడు విషయాలు రోగికి స్పష్టంగా తెలియాలి. తన చికిత్సకు బాధ్యత వహించే వైద్యుడు ఎవరు? నర్సు రాసిన వివరాలు ఆ వైద్యునికి చేరుతున్నాయా? ఏ లక్షణం కనిపిస్తే నేరుగా వైద్యునికి చూపించాలి? వీటికి జవాబు ఉన్నచోట సందర్శనలు తగ్గడం మెరుగైన సేవకు గుర్తు కావచ్చు. లేనిచోట రోగికి తలుపు మూసుకుపోతోందనడానికి అదే తొలి సూచన.