ఉప్పెన – మన గృహములు

మన కృష్ణాతీరమునకు ఉప్పెన క్రొత్త కాదు. 1864 నవంబరు 1 రాత్రి సముద్రము బందరును ముంచెత్తగా సుమారు 30,000 మంది మరణించిరి. 1977 నవంబరు 19, శనివారము, దివిసీమలో ఇంచుమించు 10,000 మంది పోయిరి. ఇది దేవుని తీర్పని చెప్పి ఊరకుండు ప్రసంగములు మేమును చేసితిమి. అయితే 1990 మే 9న అంతకు తగ్గని గాలివానయే ఈ తీరమును తాకినను మృతులు వెయ్యికి లోపే. లక్షలాది ప్రజలను ముందుగానే తరలించిరి. 1977 తరువాత కట్టిన తుపాను షెల్టర్లును ఉండెను.

కనుక హెచ్చరిక వినగానే పశువుల పలుపులు విప్పి, రేషను కార్డు, పట్టా, బాప్తిస్మపు పత్రము ప్లాస్టిక్ సంచిలో కట్టి, అటుకులు, మంచినీరు తీసికొని వెలుగుండగానే బయలుదేరవలెను. ఏ యింట నడవలేని వృద్ధులున్నారో, వారిని మోయువారెవరో సంఘపెద్దలు నవంబరు రాకమునుపే వ్రాసియుంచవలెను.