దోమకాటు ప్రమాదమేనా?

ఒక కుటుంబం అడిగిన ఈ ప్రశ్నకు సుప్రీంకోర్టు ఇచ్చిన జవాబు, ప్రమాద బీమా ఉన్న ప్రతి ఇంటికీ తెలియాలి.

2012 నవంబరు 14. ఆఫ్రికా ఖండంలోని మొజాంబిక్. తేయాకు ఫ్యాక్టరీలో పనిచేసే ఓ భారతీయుణ్ని ఆసుపత్రిలో చేర్చారు. మలేరియా అని తేలింది. అప్పటికే అది మెదడుకు పాకింది. ఆ తర్వాత ఒక్కో అవయవం చేతులెత్తేసింది. నవంబరు 22న ఆయన కన్నుమూశాడు.

అస్సాంలో తేయాకు ఫ్యాక్టరీ మేనేజరుగా చేసి, ఆ ఏడాదే మొజాంబిక్ వెళ్లిన మనిషి. ఇక్కడ బ్యాంకులో 13.15 లక్షల రూపాయల గృహరుణం ఉంది. దాంతోపాటే నేషనల్ ఇన్సూరెన్స్ కంపెనీ వారి ‘హోమ్ లోన్ సురక్షా బీమా’ తీసుకున్నాడు. భూకంపం, అగ్నిప్రమాదం లాంటివి వస్తే ఇంటికి రక్షణ. ప్రమాదం జరిగితే అప్పు చేసినాయనకు వ్యక్తిగత ప్రమాద బీమా.

ఇంటి పెద్దదిక్కు పోయింది, అప్పు మిగిలింది. పాలసీ ప్రకారం బాకీ తీర్చమని భార్య బీమా కంపెనీని అడిగింది. కుదరదంది కంపెనీ. మలేరియా జబ్బు, ప్రమాదం కాదు అన్నది దాని వాదన.

మూడు మెట్లు గెలిచి...

కుటుంబం వినియోగదారుల ఫోరం తలుపు తట్టింది. ‘ఫలానా రోజు ఫలానా దోమ కుడుతుందని ఎవరికి తెలుసు? ఎవరూ ఊహించనిది, కోరుకోనిదే కదా ప్రమాదమంటే?’ ఇదీ వాళ్ల వాదన. జిల్లా ఫోరం ఒప్పుకుంది. రాష్ట్ర కమిషన్ సమర్థించింది. ఢిల్లీలోని జాతీయ కమిషన్ మరో మాట జోడించింది. పాముకాటు, కుక్కకాటు ప్రమాదాలే అని కంపెనీయే చెబుతున్నప్పుడు దోమకాటు ఎందుకు కాదు?

మూడు చోట్లా ఓడిన కంపెనీ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2019 మార్చి 26న జస్టిస్ డి.వై. చంద్రచూడ్, జస్టిస్ హేమంత్ గుప్తా ధర్మాసనం తీర్పు చెప్పింది.

అప్పటికి మొజాంబిక్ జనాభా 2.96 కోట్లు. ప్రపంచంలోని మలేరియా కేసుల్లో ఐదు శాతం ఆ ఒక్క దేశంలోనే. అక్కడ ప్రతి ముగ్గురిలో ఒకరికి మలేరియా. ప్రపంచ ఆరోగ్య సంస్థ నివేదికను, కేసు రికార్డును ముందు పెట్టుకుని ధర్మాసనం ఈ లెక్కలు చెప్పింది. అలాంటి చోట దోమ కుట్టి మలేరియా రావడం అనూహ్యం ఎలా అవుతుందని అడిగింది. అది లోకసహజంగా వచ్చే జబ్బే తప్ప ప్రమాదం కాదని తేల్చింది. అయితే, జబ్బు సోకిన తీరు నిజంగా ఊహకు అందనిదైతే ఆ కేసును వేరుగా చూడవచ్చని ఒక తలుపు తెరిచే ఉంచింది. అప్పటికే చెల్లించిన సొమ్మును మాత్రం వెనక్కి రాబట్టవద్దంది.

బండి మీదే ఆగిన గుండె

నెల తిరక్కముందే, ఏప్రిల్ 24న, అదే ధర్మాసనం ముందు మరో భార్య. ఆమె భర్త 2012 మార్చిలో మోటారు సైకిల్ మీద వెళ్తుండగా గుండెలో నొప్పి వచ్చి కింద పడ్డాడు. ప్రాణం పోయింది. ఎల్‌ఐసీ పాలసీల మూల మొత్తం ఇచ్చింది, ప్రమాద ప్రయోజనం ఇవ్వనంది. ‘బండి మీంచి పడ్డాడు కదా’ అని ఆమె. ‘పోయింది గుండెపోటుతో’ అని సంస్థ. పడడం వల్ల ఒంటికి గాయమైందని, ఆ గాయం వల్లే ప్రాణం పోయిందని రుజువు కాలేదంటూ కోర్టు ఆమె అప్పీలును కొట్టేసింది.

ఈ రెండు కేసుల్లోనూ చావు హఠాత్తుగానే వచ్చింది. కానీ ప్రమాద బీమా చూసేది చావును కాదు, చావుకు కారణాన్ని. మన బీమా నియంత్రణ సంస్థ నిర్వచనం ప్రకారం ప్రమాదమంటే హఠాత్తుగా, ఊహించని విధంగా, మన ప్రమేయం లేకుండా జరగాలి. కారణం బయటినుంచి రావాలి, కంటికి కనిపించాలి, బలంగా తాకాలి. ఇందులో ఒక్కటి లోపించినా పేచీయే.

ఇరవై రూపాయల వెనుక

ఏటా మన ఖాతాలోంచి 20 రూపాయలు కోసుకునే ప్రధానమంత్రి సురక్షా బీమా కూడా ప్రమాద బీమాయే. 18 నుంచి 70 ఏళ్లవారికి వర్తిస్తుంది. ప్రమాదంలో చనిపోతే రెండు లక్షలు. రెండు కళ్లు, లేదా రెండు చేతులు, లేదా రెండు కాళ్లు పూర్తిగా పోయినా అంతే. ఒక కన్ను, లేదా ఒక చెయ్యి, లేదా ఒక కాలు పోతే లక్ష. జ్వరంతో పోయినా, గుండెపోటుతో పోయినా పైసా రాదు. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబీమా అలా కాదు. అది జీవిత బీమా కనుక రైతు ఏ కారణంతో చనిపోయినా ఐదు లక్షలు. రెండూ బీమాలే అనుకుని ఊరుకుంటే ఆపదలో దెబ్బ తినేది మనమే.

నిజంగా ప్రమాదమే జరిగినప్పుడు కాగితమే సాక్షి. ‘పోయిన ప్రాణం ఎలాగూ రాదు, మళ్లీ ఈ కోతలెందుకు’ అని పోస్టుమార్టం వద్దనే ఇళ్లు మన ఊళ్లలో ఎన్నో. ఆ దుఃఖాన్ని తప్పుపట్టలేం. కానీ రోడ్డు ప్రమాదమైనా, నీళ్లలో మునిగినా పోలీసు ఫిర్యాదు తప్పనిసరి. పాము కరిచినా, చెట్టు మీంచి పడినా వెంటనే ఆసుపత్రిలో చూపించిన రికార్డు ఉండాలి. దుఃఖంలో ఉన్నవాళ్లకు ఇవన్నీ గుర్తుండవు. పక్కన నిలబడిన బంధువో, ఊరి పెద్దో పూనుకోవాలి.

క్లెయిమ్ కాదన్నారని కుంగిపోనక్కర్లేదు. ఎందుకు కాదన్నారో రాతపూర్వకంగా అడగండి. ముందు కంపెనీకే ఫిర్యాదు చేయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఏడాదిలోపు హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. వినియోగదారుల కమిషన్‌కైతే రెండేళ్ల గడువుంది.

ఇదంతా చావు తర్వాతి మాట. అంతకంటే ముందే జరగాల్సింది ఒకటుంది. అప్పు కాగితాలతో కలిపి బీమా ఫారం ఇచ్చే బ్యాంకు, ‘ఇది ప్రమాదానికే, జబ్బుకు కాదు’ అన్న ఒక్క మాటను సంతకానికి ముందు తెలుగులో చెప్పి తీరాలి. వాళ్లు చెప్పకపోతే ‘జబ్బుతో పోయినా వర్తిస్తుందా?’ అని మనమే అడగాలి. జవాబు ‘వర్తించదు’ అని వస్తే, అప్పు తీరేదాకా జబ్బు మరణాలకూ వర్తించే టర్మ్ పాలసీ ఒకటి విడిగా తీసుకోవాలి. ఆ ఖర్చు, తలదాచుకునే ఇంటి కోసం ఓ ఇల్లాలు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరగడం కంటే ఎంతో తక్కువ.