వామనవృక్షముల వృత్తాంతము



మన దేవాలయ గోపురముల సందులలో మొలచిన మఱ్ఱిమొక్కను మీరందఱును చూచియే యుందురు. పిడికెడు మట్టియైనను లేని యా తావున అది యేండ్ల తరబడి జానెడెత్తున నిలిచి, ముదిమి వచ్చిన మ్రానువలె మొదలు బలిసియుండును. అదియే చెఱువుగట్టున మొలచియుండిన నూఱుమందికి నీడ నిచ్చెడిది. చోటు చాలనప్పుడు చెట్టు తన దేహమును కుదించుకొనును. ప్రకృతి చేయు నీ పనిని మనుష్యుడు తన చేతులతో చేయ నేర్చిన చరిత్రమే నేటి ప్రసంగమునకు విషయము. జపానువారు దీనిని బోన్సాయ్ అందురు. బోన్ అనగా లోతులేని పళ్లెము. సాయ్ అనగా నాటుట. మనవారు దీనికి వామనవృక్షమని పేరిడిరి.

ఈ చరిత్రము నేను వెదకుటకు కారణము నా వలన జరిగిన యొక తప్పు. నేను ఉద్యోగము చాలించుకొన్న యేడు మా కుమారుడు నగరములోని యొక దుకాణమున కొలది వందల రూపాయలకు ఇట్టి చెట్టు నొకదానిని కొని తెచ్చెను. అది మఱ్ఱికి జ్ఞాతియైన జాతి. దానిని పుస్తకముల బీరువాపై నుంచి, ప్రతిదినము సంధ్యావందనమైన పిదప ఉద్ధరిణెడు నీరు పోయుచుంటిని. తిండి తగ్గించుటచేతనే అది పొట్టిగా నున్నదని నా యూహ. నెల తిరుగకమున్నే ఆకులు రాలెను. పిదప కొమ్మలును ఎండెను. ముప్పదియైదేండ్లు పిల్లలకు పాఠములు చెప్పినవాడను, ఈ ప్రాణి కేమి కావలయునని యొకరినైన నడుగక దానిని చంపితినిగదా యని సిగ్గుపడితిని.

ఈ విద్యకు పుట్టినిల్లు చీనాదేశము. తాంగ్ వంశపు రాజకుమారుడైన లీ షియన్ 706వ సంవత్సరమున ఒక సమాధియందు ఉంచబడెను. ఆ సమాధి గోడలపై, చిన్న ఱాళ్లును మొక్కలును గల పళ్లెమును చేతులనుంచుకొని వచ్చు పరిచారకుల చిత్రము కలదు. కొండయు చెట్టును గూడిన ప్రదేశమునంతయు నొక పళ్లెరమున చూపుట చీనావారి వేడుక. దానిని వారు పెన్‌జింగ్ అందురు. ఈ విద్య జపాను చేరినపిదప అచ్చటివారు ఱాళ్లను తగ్గించి, ఒంటిచెట్టుపైననే దృష్టి నిలిపిరి. 1309లో చిత్రింపబడిన కసుగ దేవాలయ మహిమల పటమున, ఒక గృహస్థుని యింటి ఆవరణలో పళ్లెములందలి చెట్లు కాన్పించును. జపానువారు నేటికిని ఈ చెట్లను ఆరుబయటనే పెంచి, అతిథులు వచ్చినప్పుడు మాత్రము ఒకటి రెండు దినములు ఇంటిలోనికి తెత్తురు. నా బీరువా చెట్టునకు మొదట కఱవైనది వెలుతురే యని నాకప్పుడు బోధపడెను.

‘నో’ అను వారి ప్రాచీన నాటకములలో ‘హాచి నో కి’ యను నొకటి కలదు. హాచి నో కి యనగా కుండీచెట్లు. 13వ శతాబ్దిలో సానో త్సునెయో అను వీరుడు ఆస్తి పోగొట్టుకొని బీదయై యుండెను. మంచు కురియు రాత్రి ఒక సన్న్యాసి అతని గుడిసెకు వచ్చెను. ఇంట వంటచెఱకు లేదు. త్సునెయో తాను ప్రాణప్రదముగా పెంచిన మూడు కుండీచెట్లను, ప్లమ్ వృక్షమును, చెఱ్ఱీని, పైన్ వృక్షమును నఱికి, మంట చేసి అతిథి చలి బాపెను. ఆ సన్న్యాసి మాఱువేషమున నున్న పరిపాలకుడు హోజో తోకియోరి యనియు, పిదప అతనికి మూడు గ్రామసీమల నొసగెననియు కథ. అతిథికై అగ్నిలో పడిన కపోతము కథ విన్న మనకు ఇది క్రొత్త కాదు. అచ్చట కపోతము తన దేహము నిచ్చెను. ఇచ్చట త్సునెయో తన యేండ్ల సేవ నిచ్చెను. చెట్టు వెల దుకాణమున తెలియదు. దానికి పోసిన నీటివలన తెలియును.

1923 సెప్టెంబరు 1వ తేదీ భూకంపమున తోక్యో నగరము తగులబడెను. అచ్చటి వామనవృక్షముల పెంపకపుదారులు కొందఱు మంచి నీరును మంచి గాలియు గల చోటు వెదకి, 1925లో ఓమియాయను తావున ఒక పల్లెను కట్టుకొనిరి. ఆ పల్లెవారు చేసికొన్న కట్టుబాట్లు వినదగినవి: ప్రతి యింటను పది చెట్లకు తక్కువ కాకుండ నుండవలయును, చూడవచ్చినవారికి ద్వారము తెఱచి యుంచవలయును, మేడలు కట్టరాదు, గోడలకు మాఱుగా పచ్చని కంచెలు పెంచవలయును. ఆ పల్లె నేటికిని నిలిచియున్నది.

హిరోషిమా నగరమున యమాకి కుటుంబమువారి వద్ద 1625 నుండి పెంపబడుచున్న తెల్ల పైన్ వృక్ష మొకటి యుండెను. 1945 ఆగస్టు 6న అణుబాంబు పడిన తావునకు వారి యిల్లు సుమారు మూడు కిలోమీటర్ల దూరము. ఒక గోడ యడ్డముండుటచే చెట్టు బ్రతికెను. 1976లో అమెరికా స్వాతంత్ర్యపు 200వ సంవత్సరోత్సవమునకు జపానువారు పంపిన 53 చెట్లలో దీనినిగూడ మసారు యమాకి బహూకరించెను. బాంబు మాట చెప్పలేదు. 2001లో అతని మనుమలు వాషింగ్టను వచ్చి చెట్టును చూచినప్పుడే ఆ సంగతి అచ్చటివారికి తెలిసెను. గోడ దానిని ఒక్క దినము కాచినది. తక్కిన దినములన్నియు కాచినవి తరతరముల చేతులు.

ఈ చరిత్రము విన్నపిదప నేను మఱొక చెట్టును కొంటిని, అదియు చవుకదే. దాని మట్టిపై గులకఱాళ్లను జిగురుతో అంటించి యుండిరి. పోసిన నీరు పైననే జాఱిపోవుచుండెను. వానిని మెల్లగా ఊడదీసితిని. కుండీ అడుగున రంధ్రమున్నదో లేదో చూచుకొంటిని. వసారా యంచున ఉదయపుటెండ తగులునట్లుంచితిని. వ్రేలు మట్టిలో గ్రుచ్చి పైమన్ను ఆఱినదని తెలిసిన పిదపనే, అడుగు రంధ్రమునుండి కాఱువఱకు నీరు పోయుదును. తడి యున్నచో పోయను. అడుగున నీరు నిలువనీయను. వామనత్వము ఆకలివలన వచ్చునది కాదు. కొమ్మచివరలను, వేళ్లను కత్తిరించుటవలన వచ్చునది. రెండు మూడేండ్ల కొకపరి, తొలకరిలో, చెట్టును పైకి తీసి వేళ్లలో మూడవవంతు కత్తిరించి క్రొత్తమట్టిలో నాటవలయును. మొదటి యేడు మాత్రము కత్తెర ముట్టకుండుటయే మేలు. నీరు పోయుట నేర్చుటకే మూడేండ్లు పట్టునని జపాను తోటమాలులు చెప్పుదురు.

గత వేసవిలో నేను పెండ్లికై నాలుగు దినములు ఊరు విడువవలసివచ్చెను. పొరుగింటి బాలునకు వ్రేలు గ్రుచ్చి చూచు విధము చూపి, చెట్టు నప్పగించి పోతిని. తిరిగివచ్చునప్పటికి ఒక చిగురు పుట్టియుండెను. వాడు నన్ను చూచిన వెంటనే, “తాతగారూ! నిన్న తడి యున్నది, అందుకే పోయలేదు” అనెను. పోయుటకంటె పోయకుండుట తెలిసినవాడు చెట్టు సంగతి నెఱిగినట్లే. నా తరువాత దాని నెవ్వరికి ఒప్పగింపవలయునో నాకు తెలిసినది.